ఊరివాళ్ళ ముందు చదవబోయే కథ: గట్టు మీది కొబ్బరిచెట్టు గురించి సలహాలు కావాలి

జీడితోట, ఉద్దానం:

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా ఊరి గ్రంథాలయంలో ఏటా ముగ్గుల పోటీలు, పాటల పోటీలు పెడతారు. ఈసారి వాటితో పాటు ఊరివాళ్ళే రాసిన కథలను చదివించాలని కుర్రవాళ్ళు నిర్ణయించి, నన్ను అడగకుండానే నా పేరు కూడా జాబితాలో చేర్చేశారు. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తూ పండుగలకు మాత్రమే ఊరికి వెళ్ళేవాడిని. పత్రికలకు ఎప్పుడూ కథ పంపలేదు. తిత్లీ తుపాను నేపథ్యంగా ఒకటి రాసుకున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు మండలంలో తుపాను తీరం దాటినప్పుడు మా కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో ఇక్కడి సభ్యులకు వేరుగా చెప్పనవసరం లేదు.

కథ ఇలా నడుస్తుంది. మొదటి రెండు పేజీల్లో ఆ రాత్రి గాలివాన, తెల్లవారాక కూలిన తోట చూసి ఏడ్చే తల్లి వస్తారు. చెన్నై నుంచి దిగిన కొడుకు భూమి అమ్మేసి తనతో వచ్చేయమంటాడు, తల్లి ఒప్పుకోదు. తరువాత నష్టం లెక్క రాసుకునేవాళ్ళు వస్తారు. ఐదో పేజీలో, గట్టు మీద కూలిన ఒక చెట్టును ఎవరి లెక్కలో రాయాలన్న దగ్గర మరిది కుటుంబంతో మాటామాటా పెరుగుతుంది. చివరకు తల్లి ఆ చెట్టు పక్కనే కొత్త మొక్క నాటుతుంది. పైకి చదివితే అరగంట దాటుతోంది. మొదటి వాక్యాలు ఇవి:

“ప్రకృతి ప్రళయతాండవం చేసిన ఆ కాళరాత్రి ఉద్దానం ప్రజల గుండెల్లో చెరగని గాయాన్ని మిగిల్చింది. కోనసీమను తలపించే పచ్చని సీమ ఒక్క రాత్రిలో శ్మశానంగా మారిపోయింది.”

ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మొహమాటం లేకుండా చెప్పగలరు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

బాబూ, మీరు మొహమాటం వద్దన్నారు కనుక నేరుగా చెబుతాను. మీ కథ వినబోయేవాళ్ళు ఆ రాత్రి అదే ఊళ్ళో తలుపులకు అడ్డంగా మంచాలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు. గాలి ఎలా వీచిందో మీరు వాళ్ళకు చెప్పబోతున్నారు. హైదరాబాదులో చదివేవారికైతే ఆ రెండు పేజీలు కొంత పనికి రావచ్చునేమో గాని, మీ గ్రంథాలయం ముందు చాపల మీద కూర్చున్నవారు మొదటి నిమిషంలోనే తమ తమ జ్ఞాపకాల్లోకి వెళ్ళిపోతారు, ఆపైన మీరు చదివేది ఒక్క ముక్క కూడా వినరు. అదీ కాక, “ప్రళయతాండవం”, “కాళరాత్రి” అన్నవి ఏ తుపానుకైనా, ఏ పత్రికలోనైనా సరిపోయే మాటలు. అవి విన్నాక మీ తోట ఏది, పక్క తోట ఏది అన్నది ఎవరికీ తెలియదు.

మన జిల్లాల కథకు పెద్ద దిక్కు విజయనగరంలోనే ఉంది. గురజాడవారు 1910లో ఆంధ్రభారతి పత్రికలో అచ్చు వేయించిన “దిద్దుబాటు”ను ఒకసారి తిరగేయండి. వేశ్యావృత్తి గురించి గాని, సంస్కరణ గురించి గాని ఒక్క పేరా ఉపన్యాసం ముందు పెట్టకుండా, అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన భర్త భార్యను పిలవడంతో, ఆమె పలకకపోవడంతో ఆయన కథను మొదలుపెట్టారు. అప్పటి పాఠకులకు సానిపాటలంటే ఏమిటో తెలుసు. తెలిసినదాన్ని ఆయన చెప్పలేదు, ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందన్న తెలియని సంగతి మాత్రమే చెప్పారు.

నన్నడిగితే మీ కథ ఐదో పేజీలో, గట్టు మీది చెట్టు దగ్గర ఉంది. దానికి ముందున్నదంతా మీరు అక్కడికి చేరుకోవడానికి నడిచిన దారి. నడవడం మీకు అవసరమే, కాని వినేవాళ్ళను కూడా నడిపించనక్కరలేదు.

కుప్పనూర్పు, పాలకొండ:

మాస్టారి మాటే నాదీ. గట్టు మీది చెట్టు అనగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. మా వైపు పల్లెల్లో గట్టు తగాదా లేని ఇల్లు ఉండదు, అది కొబ్బరైనా చింతైనా తాడైనా సరే. చెట్టు బతికున్నంతకాలం కాయల కోసం తగువు, కూలిపోయాక కలప కోసం తగువు. ఇప్పుడు పరిహారం కోసం కొత్త తగువు వచ్చింది. అయితే మీ కథలో ఆ చెట్టు కాయలను అంతకుముందు ఎవరు దింపుకునేవారో చెప్పలేదు. ఏడాది విడిచి ఏడాది వంతులా, చెరి సగమా, లేక ఏ వైపు రాలిన కాయ ఆ వైపువారిదా? ఇది తేలకుండా తగువు ఎలా వస్తుంది?

చంపావతి, నెల్లిమర్ల:

ముగింపు గురించి ఒక మాట. కొత్త మొక్క నాటించడం మీకు ఎంత సులువుగా తట్టిందో వినేవారికీ అంతే సులువుగా ముందే తెలిసిపోతుంది. తుపాను కథల్లో మొక్క, కరవు కథల్లో వాన, వలస కథల్లో స్టేషనుకు వచ్చి ఆగిన రైలు. ఇవన్నీ రచయిత అలసిపోయిన చోట వచ్చి కూర్చునేవి. పైగా కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీ ఊరి ఆడవాళ్ళకు బాగా తెలుసు. ఆ వయసు మనిషి మొక్క నాటితే వాళ్ళు చప్పట్లు కొట్టరు, “ఎవరు నీళ్ళు పోస్తారు?” అని అడుగుతారు.

ఇంకొక ప్రశ్న. ఈ తల్లికి ఏం కావాలి? తోట పోయిందన్న బాధ ఉంది, కొడుకు మాట నచ్చని మొండితనం ఉంది, కాని ఆ రోజు ఆ గంటలో ఆవిడ సాధించాలనుకుంటున్నది గాని, దాచాలనుకుంటున్నది గాని ఏదీ నాకు కనబడలేదు. మనిషికి ఒక అక్కర లేకపోతే ఎంత పెద్ద తుపాను పెట్టినా కథ కదలదు.

జీడితోట, ఉద్దానం:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రెండు పేజీలు తీసేయడానికి మనసు ఒప్పడం లేదు గాని, మాస్టారు చెప్పిన కారణం కాదనలేనిది. కుప్పనూర్పు గారు అడిగినదానికి సమాధానం: ఏడాది విడిచి ఏడాది వంతు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ తగువు నిజంగా మా ఇంట్లో జరిగినదే. అమ్మకూ చిన్నాన్నకూ మధ్య రెండు రోజులు మాటలు ఆగిపోయి, తరువాత అవే సర్దుకున్నాయి. కథ చదివే రోజున చిన్నాన్న ముందు వరుసలోనే కూర్చుంటారు. అందుకే దాన్ని ఐదో పేజీలో నాలుగు వాక్యాలతో దాటేశాను. దానినే కథగా పెంచితే ముగింపు ఏమిటన్నది తోచడం లేదు. చంపావతి గారు అన్నట్టు అమ్మకు ఏదో ఒకటి కావాలి.

గంటస్తంభం, విజయనగరం:

ఒక ముగింపు తోచింది. లెక్క రాసుకునే కుర్రాడు “ఈ చెట్టు ఎవరిది?” అని అడిగితే, ఈవిడ “మా మరిదిది” అంటుంది, అదే సమయంలో అటునుంచి మరిది “మా వదినది” అంటాడు. ఇన్నాళ్ళ తగువు ఒక్క క్షణంలో తీరిపోతుంది. సంక్రాంతి పూట ఊళ్ళో చదివే కథ ఇలా ముగిస్తే అందరి మనసూ నిండుతుంది కదా.

చంపావతి, నెల్లిమర్ల:

గంటస్తంభం గారూ, వినడానికి బాగుంది, కాని ఆ ఇద్దరూ ఒకేసారి మంచివాళ్ళు ఎందుకయ్యారు? నిన్నటి వరకు కాయ కాయకూ లెక్క చెప్పుకున్నవాళ్ళు ఈ రోజు డబ్బు వద్దనుకోవడానికి కారణం రచయిత కోరిక తప్ప ఇంకేమీ లేదు.

మీరు ఇచ్చినదాంట్లో సగం మాత్రం నేను తీసుకుంటాను. పెద్దావిడ నిజంగానే “అది వాళ్ళదే రాసుకో” అంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎంత మంచి మనసో అనుకుంటారు. కాని ఆవిడ అలా అనడానికి వేరే కారణం ఉంది. చనిపోయిన భర్త కంచె బాగుచేయించినప్పుడల్లా దాన్ని జానెడు చొప్పున అవతలికి జరుపుతూ వచ్చాడు. ఆ చెట్టు ఒకప్పుడు పూర్తిగా తమ్ముడి తోటలోది; గట్టు నడిచి నడిచి దాని దగ్గరకు చేరింది. ఇప్పుడు చెట్టు కోసం పట్టుబడితే నేల కొలవమంటారు. కొలిస్తే చెట్టుతో పాటు ఇంకెంత పోతుందో ఆవిడ ఒక్కదానికే తెలుసు. కాబట్టి చెట్టును వదులుకుని నేలను దక్కించుకుంటుంది. ఊరు పొగుడుతుంది, ఆవిడ ఆ పొగడ్తను మోస్తుంది. కథలో ఒకరు ఒక మాట అంటున్నప్పుడు, అనకుండా ఆపుకున్న మాట కూడా వినేవారికి అందాలన్నది నా ఉద్దేశం.

కుప్పనూర్పు, పాలకొండ:

ఇది కథ! కాని ఒక లోపం ఉంది. నష్టం లెక్క రాసుకోవడానికి వచ్చినవారు నేల కొలవరు. వారికి కావలసింది ఎన్ని చెట్లు, ఏ రైతు అన్నంతవరకే. గట్టు కొలిపించాలంటే అర్జీ పెట్టుకోవాలి, సర్వేయరు రావాలి, దానికి వారాలు పడుతుంది. కాబట్టి పెద్దావిడకు ఆ భయం కుర్రాడి వల్ల కలగదు. మరిది కొడుకు ఎవరైనా, చదువుకున్నవాడు, “ఇంత గొడవెందుకు, అర్జీ పెట్టి కొలిపించేద్దాం” అని మామూలుగా అనాలి. వాడికి లోగుట్టు ఏమీ తెలియకూడదు. ఆ మాట వాడి నోట వెంట వచ్చిన తరువాతే ఆవిడ చెట్టును వదిలేయాలి. అంతకుముందు నిమిషం వరకు గట్టిగా పోట్లాడుతూ ఉండాలి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

కుప్పనూర్పు గారు చెప్పినది చిన్న సవరణలా కనబడుతున్నా, కథ నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. ఇలాంటి తగువుల్లో లెక్క సరిగ్గా ఉంటే ముగింపు దానంతట అదే బరువెక్కుతుంది. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) కథ “యజ్ఞం” 1966లో అచ్చయింది. అందులో సుందరపాలెం పంచాయితీలో అప్పల్రాముడి బాకీ గురించి మాట మీద మాట, లెక్క మీద లెక్క, ఒక ఊరి ఆర్థికం మారిన తీరంతా పాత్రల వాదనల్లోనే నడుస్తుంది. అంత ఓపికగా ఆ లెక్క చూపించకపోతే చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు కన్నబిడ్డనే చంపడం మనకు వట్టి దారుణంగా మిగిలిపోయేది. మీది చాలా చిన్న కథ, మీ పాత్ర చేసేది చాలా చిన్న పని. పోలిక కోసం చెప్పలేదు. వంతు ఎవరిది, క్రిందటేడు కాయ ఎవరు దింపారు, కంచె ఎప్పుడు బాగుచేశారు అన్న మూడు సంగతులు తగువులోనే బయటపడాలని మాత్రం చెబుతున్నాను. రచయిత పక్కకు పిలిచి చెవిలో చెప్పకూడదు.

భర్త కంచె జరిపిన సంగతి కూడా అంతే. “ఆమెకు ఆ రోజులు గుర్తుకు వచ్చాయి” అని మొదలుపెట్టి ఒక పేరా గతం చెప్పారంటే కథ చచ్చిపోతుంది. పోట్లాటలో ఎవరో పాతకాలపు పాలేరు “ఆ కంచె వేసినప్పుడు గోతులు తవ్వింది నేనే కదమ్మా” అన్నాడనుకోండి, ఆవిడ అతని వైపు ఒకసారి చూసి మాట మార్చిందనుకోండి, వినేవాళ్ళలో పొలం ఉన్న ప్రతివారికీ అర్థమవుతుంది.

మన శ్రీకాకుళంలోనే 1997లో కారా మాస్టారు నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఒక పూట అక్కడ కూర్చుని, భూమి తగాదాల మీద పాతకాలం పత్రికల్లో వచ్చిన కథలు నాలుగు చదివి చూడండి. ఏం రాయాలన్నదానికంటే, ఏది ఇప్పటికే రాసేశారో తెలియడం మీకు ఎక్కువ సాయపడుతుంది.

జీడితోట, ఉద్దానం:

ఈ రెండు రోజులూ ఇదే తలపు. కథ ఇప్పుడు కదులుతోంది, కాని చిక్కు ఇంకా పెరిగింది. ఇంతకుముందు నా కథలో తగువు మాత్రమే ఉండేది, అది ఊరందరికీ తెలిసినదే. ఇప్పుడు కంచె జరిపిన భర్త వచ్చాడు. మా నాన్నగారు అటువంటి పని చేయలేదు. చెన్నైలో కూర్చుని మీతో కలిసి నేను అల్లుకున్న సంగతి అది. కాని చెట్టు మాది, తగువు మాది అని తెలిసిన ఊరు, కంచె సంగతి కూడా నిజమే అనుకోదా? లేని దోషాన్ని చనిపోయిన మనిషి మీద పెట్టినట్టు కాదా?

సువర్ణముఖి, సాలూరు:

అనుకుంటుంది. నిస్సందేహంగా అనుకుంటుంది. ఊరికి కల్పన అనే వస్తువు లేదు. మీరు ఏం రాసినా “వీడికి వీళ్ళమ్మ చెప్పి ఉంటుంది” అంటారు. నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది, క్షమించండి. ఈ కథ రాయండి, ఏదైనా పత్రికకు పంపండి, కాని మీ ఊళ్ళో చదవకండి. పత్రికలో చదివేవారికి మీ గట్టు తెలియదు. ఊళ్ళో చదవడానికి వేరే కథ రాసుకోండి.

గంటస్తంభం, విజయనగరం:

అంతదాకా అవసరమా? చోటు మార్చేస్తే సరిపోతుంది. ఉద్దానం తీసేసి మా వైపు పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా జిల్లాలోనూ చెట్లు కూలాయి. కొబ్బరి బదులు మామిడి పెట్టండి. అప్పుడు మీ నాన్నగారి ఊసే రాదు.

కుప్పనూర్పు, పాలకొండ:

మామిడి పెడితే వంతులు పోతాయి, గట్టు మీద పాతికేళ్ళుగా ఏ నెలకు ఆ నెల సాగే కాయల లెక్క పోతుంది. మామిడి ఏడాదికొకసారి కాస్తుంది, తగువు కూడా ఏడాదికొకసారే వస్తుంది. కొబ్బరి ఏడాది పొడవునా కాస్తుంది కనుకనే ఆ ఇళ్ళ మధ్య మాట ఎప్పుడూ తెగేలాగే ఉంటుంది. జీడితోట గారికి తెలిసిన చెట్టును తీసేసి తెలియని చెట్టును పెడితే ఊరివాళ్ళకు ముందుగా ఆ తేడాయే తెలుస్తుంది.

చంపావతి, నెల్లిమర్ల:

చోటు మార్చడం పైపై మార్పు. మీరు మార్చవలసినది మనుషుల మధ్య ఉన్న వరస. వదినా మరిదీ అని ఉన్నంతకాలం అది మీ ఇల్లే. ఇద్దరు తోడికోడళ్ళను పెట్టండి, ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళు, ఇద్దరి కొడుకులూ వలస వెళ్ళినవాళ్ళు. చెన్నై నుంచి వచ్చిన కొడుకును పూర్తిగా తీసేయండి, ఎందుకంటే ఊరు మిమ్మల్ని గుర్తుపట్టేది వాడి ద్వారానే, పైగా ఈ కథలో వాడికి పని లేదు. భూమి అమ్మే చర్చ కూడా వాడితోనే పోతుంది. “అర్జీ పెట్టి కొలిపిద్దాం” అనేవాడిగా చిన్నావిడ అల్లుణ్ణి పెట్టండి. అల్లుడు పొరుగూరివాడు కనుక గట్టు చరిత్ర అతనికి తెలియదు, తెలియని మనిషి అనే మాట కనుకనే దానికి పదును ఎక్కువ.

తోడికోడళ్ళను పెట్టడం వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. వాళ్ళిద్దరూ ఆ ఇంటికి వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. అన్నదమ్ముల మధ్య భూమి తగువు పుట్టుకతో వచ్చినది, వీళ్ళ మధ్యది మెట్టినింటితో వచ్చినది. పెద్దావిడ దాస్తున్నది తన తప్పు కాదు, తనకు అంటగట్టబడిన తప్పు. నాకు ఇది మొదటిదానికంటే ఎంతో బలంగా కనిపిస్తోంది, మీ ఇబ్బంది సంగతి పక్కనపెట్టినా కూడా.

సువర్ణముఖి, సాలూరు:

తోడికోడళ్ళ మార్పు నాకు నచ్చింది, అయినా నా అభ్యంతరం పూర్తిగా తీరలేదు. కనీసం మీ అమ్మగారికి, చిన్నాన్నగారికి ముందుగా చదివి వినిపించండి. అనుమతి కోసం కాదు. సభలో అందరి మధ్యా మొదటిసారి వినవలసిన గతి వారికి పట్టకూడదని.

ఇంకొక ప్రశ్న మిగిలింది. చిన్నావిడకు కంచె సంగతి తెలుసా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

తెలుసనే నా అనుమానం. పాతికేళ్ళు పక్కపక్క తోటల్లో బతికిన మనిషికి తన చెట్టు గట్టు మీదికి ఎలా వచ్చిందో తెలియకుండా ఉంటుందా? కాని తెలుసని రచయిత చెప్పకూడదు. ఆవిడ చివర ఒక్క మాట అంటే చాలు, అది ఊరికి ఒకలాగా, పెద్దావిడకు మరొకలాగా వినబడాలి. ఆ మాట ఏమిటో జీడితోట గారే వెతుక్కోవాలి, మనం అందించకూడదు.

జీడితోట, ఉద్దానం:

సువర్ణముఖి గారు చెప్పినట్టు నిన్న ఫోనులో అమ్మకు, చిన్నాన్నకు వినిపించాను. చిన్నాన్న ఆసాంతం విని, “ఆ అల్లుడు మరీ తొందరపాటు మనిషిలా ఉన్నాడు” అన్నారు, అంతే. అమ్మ మాత్రం పెద్దావిడ పక్షం వహించి చాలాసేపు వాదించింది. ఇద్దరూ ఎక్కడా మా ఇంటి ఊసు ఎత్తలేదు.

ఇప్పుడు భాష గురించి అడగాలి. కథనం మామూలు రాతభాషలో ఉంచి, సంభాషణలు మాత్రం మా ఊరి మాటలో రాశాను. ఒక ముక్క చూడండి:

“నానేటి సేసినానో సెప్పు. మొన్న ఏడు సెట్టు వొంతు నీదే గదా, కాయ దింపీసినావు గదా. ఈ ఏడు నాది నేదేటి? సెట్టు సచ్చిపోతే వొంతు సచ్చిపోద్దేటి?”

ఊళ్ళో చదివేటప్పుడు ఇది వెక్కిరింపులా వినబడుతుందేమోనని భయం.

గంటస్తంభం, విజయనగరం:

గిడుగు రామమూర్తి గారు పుట్టిన నేల మీద ఉండి ఈ భయం ఎందుకండీ? జనం మాట్లాడే మాటకు రాతలో చోటు ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. నిర్భయంగా రాయండి.

చంపావతి, నెల్లిమర్ల:

భయం మాట మీద కాదు, రాతలో దాని మోతాదు మీద ఉండాలి. మీ ముక్కలో మాట తీరు చక్కగా ఉంది: “దింపీసినావు”, “నేదేటి” అన్నవి మన నోటివి. కాని ప్రతి అక్షరాన్నీ నోటిలో పలికినట్టే రాయబోతే, కాగితం మీద చదివేవారు మనిషిని వదిలేసి ఉచ్చారణను చూస్తారు. పైకి చదివేటప్పుడు “చెట్టు” అని రాసుకున్నా మీ నోరు దాన్ని సహజంగానే పలుకుతుంది. క్రియలను, “ఏటి”, “గదా” వంటివాటిని ఉంచుకుని, మిగిలినవాటిని మామూలుగా రాయండి. ముఖ్యంగా పెద్దావిడ, చిన్నావిడ, లెక్క రాసుకునే కుర్రాడు, అల్లుడు అందరూ ఒకే రకంగా మాట్లాడకూడదు. అల్లుడు పొరుగూరివాడు, కాస్త చదువుకున్నవాడు, పత్రిక భాషలోకి జారుతూ ఉంటాడు. “అర్జీ”, “కొలతలు”, “రికార్డు” లాంటి మాటలు అతని నోట వస్తే తోడికోడళ్ళిద్దరూ ఒక్కసారిగా ఒక వైపు అయిపోతారు.

ఇంకొక హెచ్చరిక. కొందరు రచయితలు కూలివాళ్ళ మాటను మాత్రమే యాసలో రాసి, ఆసాముల మాటను శుద్ధంగా రాస్తారు. మన జిల్లాల్లో ఆసాములు కూడా “వచ్చీసినాడు” అనే అంటారు. వెక్కిరింపు పుట్టేది ఆ తేడా దగ్గరే.

జీడితోట, ఉద్దానం:

తిరగరాసిన కథ మొదలు, చివర ఇక్కడ పెడుతున్నాను. తుపాను రాత్రి పూర్తిగా పోయింది, ఒక్క వాక్యం కూడా మిగలలేదు.

మొదలు:

“లెక్క రాసుకునే కుర్రాడు గట్టు దగ్గర ఆగాడు. చెట్టు మొదలు గట్టు మీద ఉంది, మొవ్వు అవతలి తోటలో పడి ఉంది.

‘ఇది ఎవరిది?’ అన్నాడు.

పెద్దామె ఇటువైపు పట్టలు ఏరుతోంది, చిన్నామె అటువైపు నిలబడి కాయలు లెక్కపెట్టుకుంటోంది. ఇద్దరూ ఒకేసారి ‘మాది’ అన్నారు.”

చివర:

“పెద్దామె చీర కొంగు దులుపుకుంది. ‘ఆలదే రాసీ బాబూ’ అంది. ‘ఒక్క చెట్టు కాడ కొలతలూ అర్జీలూ ఏటి.’

కుర్రాడు రాసుకున్నాడు. వెనకాల నిలబడ్డ నలుగురూ అదీ మనిషంటే అన్నట్టు తలలూపారు. అల్లుడు కూడా చేతులు జోడించాడు.

చిన్నామె కాయల మీద నుంచి తల ఎత్తి చూసింది.

‘ఇన్నాళ్ళకా అప్పా?’ అంది.”

మా వైపు అప్ప అంటే అక్క. దీని తరువాత ఇంకొక పేరా ఉండేది. పెద్దామె ఇంటికి నడుస్తూ ఏం అనుకుందో అందులో రాశాను. తీసేశాను.

సువర్ణముఖి, సాలూరు:

తీసేయడమే మంచిది. ఆ చివరి మాట విన్నాక నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఊళ్ళోనే చదవండి.

కుప్పనూర్పు, పాలకొండ:

బాగుంది. పాలేరు గోతుల మాట మధ్యలో ఎక్కడో ఉందనుకుంటున్నాను, లేకపోతే చివరి మాటకు వేరు ఉండదు. ఒక చిన్న సందేహం: తుపాను తరువాత అన్ని రోజులకు లెక్కలవాళ్ళు వచ్చేసరికి కాయలు ఇంకా నేల మీదే ఉంటాయా? నాకు తెలిసినంతలో మొదటి రెండు రోజుల్లోనే ఏరేస్తారు. చిన్నామె చేత ఇంకేదైనా పని చేయించండి.

జీడితోట, ఉద్దానం:

పాలేరు ఉన్నాడు, మూడో పేజీలో. కాయల సంగతి మీరన్నది నిజమే. చిన్నామె చేత మట్టలు చీల్చి ఈనెలు తీయిస్తాను. చివర కూడా ఆమె కాయల మీద నుంచి కాక ఈనెల మీద నుంచి తల ఎత్తుతుంది. చదవడానికి ఎంతసేపు ఉండాలంటారు? చదివే ముందు ఇది కల్పితమని ఒక మాట చెప్పాలా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

నిమిషానికి సుమారు వంద మాటల చొప్పున చదవగలరు. కాబట్టి పదిహేను వందల మాటలు దాటకుండా చూసుకోండి. ముగ్గుల పోటీ ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవారు అంతకు మించి కూర్చోరు, అది వారి తప్పు కాదు. కల్పితమని ముందుగా చెప్పారంటే ఎవరి గురించో అని వెతకడం అక్కడే మొదలవుతుంది. ఏమీ చెప్పకుండా పేరు చదివి కథలోకి వెళ్ళండి. సంభాషణలను నాటకంలోలాగా గొంతు మార్చి చదవకండి, మామూలుగా చదివితేనే ఆ ఇద్దరూ విడివిడిగా వినబడతారు. “ఇన్నాళ్ళకా అప్పా” దగ్గర మాత్రం ఆగి, కాగితం మడిచి దిగిపోండి. ఎవరైనా వచ్చి “చిన్నామెకు తెలుసా?” అని అడిగితే, “మీరేమనుకుంటున్నారు?” అని వారినే అడగండి.

చంపావతి, నెల్లిమర్ల:

కథకు పేరు ఇంకా పెట్టలేదు. “గట్టు” అని మాత్రం పెట్టకండి, అది చెప్పేయడమే అవుతుంది. “వంతు” ఎలా ఉంటుందో ఆలోచించండి.